సర్కారు వేలంలో ప్లాటు కొన్నా, మూడేళ్ళ తర్వాత నా రివ్యూ

ముందే చెప్తుండా, ఏ టౌనో ఏ ఆఫీసో పేరు మాత్రం అడగబాకండి. మన నెల్లూరు జిల్లాలోదే, అంతవరకే. సర్కారు జాగాలు చేతిలో పెట్టుకున్న ఆఫీసులు మన పక్క ఒకటా రెండా, పట్టణాభివృద్ధి సంస్థలు, మున్సిపాలిటీలు, హౌసింగు వాళ్ళు, ఇండస్ట్రీల వాళ్ళు, ఆర్టీసీ వాళ్ళు, అందరి దగ్గరా ఏదో ఒక మూల ఖాళీ జాగా ఉండాది, అందరూ దాన్ని అమ్మో లీజుకిచ్చో ఏదో ఒకటి చేయాలనే చూస్తుండారు. వాళ్ళల్లో ఒకరి దగ్గర నేను 25 అంకణాల ప్లాటు కొన్నా. ఇంకా ఆ ఆఫీసు మెట్లెక్కే పని ఉంది నాకు, అందుకే పేరొద్దు.

బయటి జిల్లాల వాళ్ళకి ఒక మాట, మా నెల్లూరు అంకణం అంటే 8 గజాలు, 72 చదరపు అడుగులు. నోటిఫికేషన్లో గజాల్లో వేశారు, 200 గజాలు అని. మా మామ ఆ కాగితం చూసి వెంటనే "పాతిక అంకణాలు గదయ్యా, చక్కని బిట్టు" అన్నాడు, ఆయనకి గజాలంటే గుడ్డలు కొలిచేవే.

నాది రొయ్యల గుంటల ఏరేటర్ మోటార్లు రివైండింగ్ చేసే షాపు. ఫోన్లకీ బిర్యానీలకీ రివ్యూలు రాసేవాళ్ళు వేలమంది ఉండారు, నేను జన్మలో కొన్న అన్నిటికన్నా ఖరీదైన వస్తువు ఈ ప్లాటు, ఇట్టాంటి దానికి ఒక్కడన్నా అనుభవం రాసుంటాడేమో అని కొనేముందు ఎంత వెతికినానో నాకు తెలుసు, దొరికినవన్నీ ఏజెంట్ల వీడియోలే, డ్రోను షాట్లు, వెనకాల మ్యూజిక్కు, గేటు దగ్గర రెండు సిమెంటు ఏనుగులు. అందుకని నేనే రాస్తుండా. లెంతీగా ఉంటది, తీరిక లేనోళ్ళు కరెంటు గురించి రాసిన కాడికి పోయి చదూకోండి, అసలు సంగతి ఆడే ఉంది.

ఈ జాగా నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. టౌను మధ్యలో, బస్టాండుకి నడిచిపోయే దూరంలో ఎనిమిదెకరాలు. ఒక డిపార్ట్‌మెంటు గోడౌన్లు, నాలుగు వరసల పెంకుటింటి క్వార్టర్లు. మేం స్కూల్లో ఉన్నప్పుడే క్వార్టర్లు ఖాళీ చేశారు, ఆ తర్వాత పెంకులు పోయినాయి, తర్వాత తలుపులు పోయినాయి, ఆఖరికి గోడల్లో ఇటుకలు కూడా ఎవరింటి ప్రహరీకో చేరినాయి. మిగిలింది సర్కారు తుమ్మ, ఒక పెద్ద చింతచెట్టు, "ఇది ప్రభుత్వ స్థలము, ఆక్రమించువారు శిక్షార్హులు" అని ఒక బోర్డు. ఫైల్లో ఖాళీ స్థలం అని రాసుకోనుంటారు గానీ ఖాళీ అనేది ఎప్పుడూ లేదు, పొద్దున్నే లారీ క్లీనర్లు చెట్టు కింద పడుకోనుంటారు, పక్కనే ఒకామె ఇడ్లీ బండి, సాయంత్రమైతే మా క్రికెట్టు, బంతి గోడౌన్లో పడితే తేళ్ళ భయానికి ఎవడూ పోడు, అది ఔట్ అని రూల్ పెట్టుకున్నాం.

ఇట్టాంటివి మన జిల్లాలో చిన్నవీ పెద్దవీ చానా ఉండాయి. కొడవలూరు మండలం రాచర్లపాడు కాడ చూడండి, ఎరువుల ఫ్యాక్టరీ పెడతామని రెండు వేల ఎకరాల పైన తీసుకున్నారు, ఫ్యాక్టరీ రాలా, తర్వాత సెజ్, అంటే ప్రత్యేక ఆర్థిక మండలి అన్నారు. టౌన్లలో సంగతి వేరే, ఆడ ఎకరాలుండవు, సెంట్లలో ఉంటది, కానీ సెంటు ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి. జాగా ఏమో ఒక డిపార్ట్‌మెంటు పేరు మీద ఉంటది, దాన్ని ఏం చేసుకోవాలో వాళ్ళకి తెలీదు, పక్క డిపార్ట్‌మెంటుకి ఇవ్వటానికి మనసొప్పదు, కలెక్టరాఫీసులో ఫైలు, సెక్రటేరియట్లో ఫైలు, ఈలోపల ఎవడో ఒకడు రేకుల షెడ్డు వేసి గుడి అంటాడు. ఈ ముడి విప్పటానికే మధ్యలో ఒక సంస్థ కావాల. జాగాని తన చేతికి తీసుకోని, సర్వే చేసి, హద్దులేసి, జోను మార్పించి, రోడ్లేసి, కొంత అమ్మి, ఆ డబ్బుతో మిగతా పనులు చేయాల. ముంబై పక్కన నవీ ముంబైని లేపిన సిడ్కోని 1970లో పెట్టింది ఇట్టాంటి లెక్క మీదనే. మన రాష్ట్రంలో 2016లో మెట్రోపాలిటన్ రీజియన్, పట్టణాభివృద్ధి సంస్థల చట్టం తెచ్చారు, దాని కింద 2017లో నెల్లూరుకి నుడా, 2019లో ఒంగోలుకి ఒడా వచ్చినాయి. ఇట్టాంటి సంస్థలకి బడ్జెట్లో వాటా అంటూ పెద్దగా ఏమీ ఉండదు, లేఅవుట్ ఫీజులు, డెవలప్‌మెంట్ చార్జీలు, ప్లాట్లు అమ్మిన డబ్బులు, వాటితోనే బండి నడవాల. ఇది గుర్తు పెట్టుకోండి, ముందు పనికొస్తది.

సరే, ప్రైవేటు వెంచర్లు ఇన్ని ఉంటే సర్కారోళ్ళ దగ్గరే ఎందుకు కొన్నావురా అంటారా. భయం. మా నాయన కొన్న పొలం ఒకటి చుక్కల భూమి అని తేలింది. బ్రిటిషోళ్ళ కాలంలో రీసెటిల్‌మెంట్ చేసినప్పుడు పట్టాదారు పేరు రాయాల్సిన కాలంలో ఎవరి పేరూ తేలకపోతే చుక్కలు పెట్టి వదిలేశారు, వందేళ్ళ తర్వాత ఆ చుక్కలు చూపించి ఇది సర్కారుది, రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత జాబితాలో ఉంది, నీకు అమ్మే హక్కు లేదు పొమ్మన్నారు. మా నాయన ఆ పొలానికి శిస్తు కట్టాడు, కరెంటు బిల్లు కట్టాడు, బ్యాంకులో క్రాప్ లోను కూడా తీశాడు, అమ్ముకోవటానికి మాత్రం లేదు. 2023 మే 12న కావలిలోనే సభ పెట్టి 97 వేల కుటుంబాలకి 2 లక్షల 6 వేల ఎకరాల చుక్కల భూముల మీద హక్కులిస్తుండామని ప్రకటించారు గదా, ఆ రోజు టీవీలో చూస్తా మా అమ్మ ఏడ్చింది, మా నాయన అప్పటికే పోయి నాలుగేళ్ళు. ఇట్టాంటి ఇంట్లో పుట్టినోడికి ఏ వెంచరోడి బ్రోచరు చూసినా ముందు డైగ్లాట్ (పాత సర్వే రిజిస్టరు) చూపించు, ఈసీ (భూమి మీద లావాదేవీల సర్టిఫికెట్టు) చూపించు, ముప్పై ఏళ్ళ లింకులు (చేతులు మారిన పాత దస్తావేజులు) చూపించు అనే నోట్లోంచి వస్తది. భూమి అమ్మేదే సర్కారైతే ఇంక 22ఏ భయం ఎవడికి అని నా లెక్క.

మా బామ్మర్ది హైదరాబాద్‌లో ఉంటాడు, వాడు నా మాట విని నవ్వాడు. "బావా, సర్కారు వేలం అంటే రేట్లు పెంచే మిషను, కోకాపేట చూడు" అని. కోకాపేట నియోపొలిస్‌లో 2023 ఆగస్టులో హైదరాబాద్ అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలకి పోయింది గదా, అది పేపర్లో పడిన కాడ్నుంచీ ఆ చుట్టుపక్కల ప్రతి రైతూ తన పొలానికి అదే రేటు చెప్తుండాడంట. వాడన్నదాంట్లో నిజముంది. సర్కారు వేలం పెట్టిన రోజున ఆ ఊరి రేటు అదే తేలుస్తది, మరుసటి రోజు నుంచి ప్రైవేటోడు దాని పైన మాట్లాడతాడు. మా కాడ కూడా అదే జరిగింది, మా లేఅవుట్ పక్క సందులో అంకణం రేటు వేలానికి ముందూ తర్వాతా ఒకటి కాదు.

వేలం కాకుండా లాటరీ పద్ధతి కూడా ఉంది, చానామందికి గుర్తుండే ఉంటది. 2022 జనవరి 11న అప్పటి ముఖ్యమంత్రి జగన్ మధ్యతరగతి వాళ్ళకని స్మార్ట్ టౌన్‌షిప్‌లు మొదలుపెట్టారు, మొదటి లిస్టులో మన కావలి, కందుకూరు రెండూ ఉన్నాయి. 150, 200, 240 గజాలు మూడు సైజులు, ఏడాదికి 18 లక్షల లోపు ఆదాయం ఉండాలన్నారు, అప్లికేషన్‌తో 10 శాతం, ఆ తర్వాత మూడు కిస్తీలు ముప్పై ముప్పై శాతం, ఒకేసారి మొత్తం కడితే 5 శాతం తగ్గింపు. నేను కొన్నది అది కాదు. నేను చూసుకుంది ఊరి మధ్యన ఉండే పాత సర్కారు జాగా, ఎందుకంటే ఊరి బయట ప్లాటు కొని ఆడ ఇల్లు కట్టి, కూరగాయలకి కూడా బండెక్కే ఓపిక మా ఇంటామెకి లేదు.

వేలం ఎట్టా జరిగిందంటే, ఆన్‌లైన్లో. ఇదొక్కటీ నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటా. పాత వేలం పాటలు చూసినోడిని, తహసీల్దారాఫీసు ముందు షామియానా వేసి, సుత్తి ఒకటి పెట్టుకోని, పాటకి వచ్చినోళ్ళంతా ముందురోజు రాత్రే ఏదో లాడ్జిలో కూర్చోని రింగై, ఎవరికి ఏ ప్లాటు పోవాల్నో తేల్చుకోని, పొద్దున వచ్చి నాటకం ఆడేవాళ్ళు. ఈడ ఆ ఛాన్సు తక్కువ. డిపాజిట్ కట్టి, ఐడీ తీసుకోని, మన షాపులో కూర్చోని పాడటమే. ఎదురుగా ఎవడు పాడుతుండాడో పేరు కనపడదు, అంకె మాత్రమే. చివరి నిమిషాల్లో ఎవడన్నా పెంచితే టైము పొడుగవుతా పోతది, కాబట్టి కాచుకోని ఆఖరి సెకనులో కొట్టేస్తామంటే కుదరదు. నా ప్లాటుకి ముగ్గురం తగులుకున్నాం. ఒకడు తొందరగానే తప్పుకున్నాడు. ఇంకొకడు మాత్రం నేను పెంచిన ప్రతిసారీ సరిగ్గా వంద రూపాయలు పెంచుతా పోయాడు, ఆ వంద చూసి నాకు బీపీ. మా ఇంటామె వెనకాల నిలబడి, "ఇంక చాలు, ఇంక చాలు" అంటానే, నేను ఆగితే "ఇంకొక్కసారి కొట్టు" అంది. ఆ ఒక్కసారికి వచ్చింది.

అప్‌సెట్ ధరే, అంటే పాట మొదలయ్యే కనీస ధరే, చుట్టుపక్కల ప్రైవేటు రేటు కన్నా ఎక్కువ పెట్టారు, అది ఒప్పుకోవాల్సిందే. ఓడినోళ్ళకి డిపాజిట్ వెనక్కి రావటం ఇంకో కథ, మా ఫ్రెండొకడికి నాలుగు నెలలు పట్టింది, వడ్డీ లేదు, అడిగితే "మీ ఐఎఫ్ఎస్సీ తప్పు" అని ఒకసారి, "మార్చి ఎండింగు" అని ఒకసారి.

తర్వాత పేపర్ల పని. ఇదీ బాగుంది, నిజం చెప్పాల. బ్యాంకోళ్ళు సర్కారు అలాట్‌మెంట్ లెటర్ అనంగానే కుర్చీ వేశారు, మామూలుగా లీగల్ ఒపీనియన్ అని లాయరు వెనకాల పదిసార్లు తిప్పే మేనేజరు ఈసారి రెండు వారాల్లో లోను ఇచ్చాడు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం, అది సర్కారు దగ్గర కొన్నా తప్పదు, రాజుగారి దగ్గర కొన్నా తప్పదు. డాక్యుమెంట్ రాసే పెద్దాయన, ముప్పై ఏళ్ళుగా ఆ రిజిస్ట్రారాఫీసు గోడ పక్కన కూర్చున్నోడు, నా సేల్ డీడ్ చూసి "ఇంత పలచని లింకు నేను ఈ మధ్యలో చూడలా నాయనా, ప్రభుత్వం నుంచి సంస్థకి, సంస్థ నుంచి నీకు, రెండే మెట్లు" అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి మా నాయన ఫొటో కింద పెట్టా ఆ దస్తావేజు. మూడేళ్ళలో ఎవరూ నా హద్దు మీద చేయి వేయలా, ఏ కోర్టు నోటీసూ రాలా. ప్లాటు కొని రాత్రిళ్ళు నిద్రపోయేవాళ్ళు మన జిల్లాలో ఎంతమందో మీరే లెక్కేసుకోండి. ఈ ఒక్క కారణానికే రెండు స్టార్లు ముందే ఇచ్చేస్తుండా.

హద్దురాళ్ళు చూపించే రోజు మాత్రం చిన్న గొడవ. వాళ్ళ సర్వేయరు టేపు వేసి సరిపోయింది అన్నాడు, నాకెందుకో తేడా కొట్టింది, మరుసటి ఆదివారం నా సొంత డబ్బుతో ఒకతన్ని పిలిపించి కొలిపిస్తే పడమర పక్క 14 అంగుళాలు తక్కువ. పక్క ప్లాటాయనకి 14 అంగుళాలు ఎక్కువ, ఆయన మాత్రం "అబ్బే, అంతా కరెక్టే ఉందండీ" అంటాడు, ఎందుకనడు. లెటర్ పెట్టా, రాయి మార్చారు. రెండు నెలలు పట్టింది గానీ మార్చారు. కాబట్టి కొన్నోళ్ళు ఎవరైనా రాళ్ళు పాతిన వారంలోపలే కొలిపించుకోండి, గోడ కట్టినాక ఎవడూ వినడు.

ఇప్పుడు కరెంటు. నోటిఫికేషన్లో రాసింది, 40 అడుగుల రోడ్లు, రెండు పక్కలా కాలవలు, మంచినీళ్ళ ట్యాంకు, వీధి లైట్లు, పార్కు. రోడ్లు వేశారు, బ్రహ్మాండంగా ఉండాయి, కాలవలు కట్టారు. లైటు స్తంభాలు నిలబెట్టారు, ఎల్‌ఈడీ దీపాలు కూడా తగిలించారు. ట్రాన్స్‌ఫార్మర్‌కి దిమ్మె కట్టారు, చుట్టూ కంచె కట్టారు, డేంజర్ అని పుర్రె బొమ్మ బోర్డు కూడా పెట్టారు. ట్రాన్స్‌ఫార్మర్ రాలా. మూడో ఏడు నడుస్తుండాది, ఆ దిమ్మె మీద ఈ రోజుకీ మేకలు పడుకుంటాయి, నీడకి. నేను మోటార్లోడిని గదా, దిమ్మె సైజు చూడంగానే తెలిసిపోయింది, ఈడ వచ్చినా చిన్నదే వస్తది, వందకి పైన ప్లాట్లు, అందరూ ఏసీలు పెట్టుకుంటే మే నెలలో అది నా షాపుకే రావాల. ట్యాంకు కట్టారు, మోటరు లేదు, మోటరుకి కరెంటు లేదు. ఇల్లు కట్టిన ఇద్దరు పక్క కాలనీ నుంచి సర్వీసు వైరు లాక్కోని బతుకుతుండారు, ఆ వైరు రోడ్డు దాటేకాడ నేను బండి దిగి తల వంచుకోని పోతా.

ఆఫీసుకి పోతే ఒకటే జవాబు, "ఎస్టిమేట్ పంపాం సార్, లెటర్ పెట్టండి." కరెంటోళ్ళని అడిగితే "వాళ్ళు డబ్బు కడితే మేం వారంలో పెడతాం." ఆరు లెటర్లు పెట్టినాక, టీ కొట్టు కాడ పరిచయమైన ఒక లాయరు "పది రూపాయలు పెట్టి ఆర్టీఐ వెయ్యన్నా" అన్నాడు. 2005 సమాచార హక్కు చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబివ్వాల, ఇరవై ఎనిమిదో రోజు వచ్చింది. ఒకే పేజీ. ప్లాట్లు అమ్మిన డబ్బు వచ్చింది, రోడ్లకి ఇంత ఖర్చయింది, మిగిలింది ఇంకో ఊళ్ళో మొదలుపెట్టిన పనికి సర్దుబాటు చేశారంట, విద్యుత్ పనులకి "నిధులు సమకూరిన పిదప". చదివి కాసేపు ఏమీ మాట్లాడలా నేను. ముందు చెప్పినా గదా, ఈ సంస్థలు ఒక జాగా అమ్మిన డబ్బుతో ఇంకో జాగా బండి లాగుతుంటాయి. మన ప్లాటు డబ్బుతో మన వీధి దీపం వెలగాలని ఎక్కడా రాసి లేదు. నేను మాత్రం నా లోను ఈఎంఐ తీసి పక్కింటోడి బండికి పెట్రోలు కొట్టించలేను.

ఇంతకన్నా కడుపు మండే సంగతి ఇంకోటుంది. ప్రైవేటోడు లేఅవుట్ వేస్తే ఈ సంస్థల దగ్గరికే అప్రూవల్‌కి రావాల. వస్తే, 10 శాతం జాగా పార్కుకి గిఫ్ట్ డీడ్ రాయించుకుంటారు, పైగా 15 శాతం ప్లాట్లు తనఖా పెట్టించుకుంటారు, రోడ్లూ కాలవలూ కరెంటూ అన్నీ పూర్తి చేసి చూపిస్తేనే ఆ ప్లాట్లు విడుదల చేస్తారు. చాలా మంచి రూలు, ఆ 15 శాతం ఇరుక్కోనుంటదనే భయానికే వెంచరోడు ఎంత దొంగైనా ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం పెడతాడు. మరి అదే సంస్థ తనే లేఅవుట్ వేస్తే? తనఖా ఎవరికి పెట్టాల? పూర్తయిందా లేదా అని చూసి విడుదల చేసే మేస్త్రీ ఎవరు? ఎవరూ లేరు. నూరు శాతం ప్లాట్లు మొదటి రోజే వేలం వేసుకోవచ్చు. పరీక్ష పెట్టేదీ రాసేదీ దిద్దేదీ ఒకరే. అందుకే మా బామ్మర్ది కొన్న ప్రైవేటు వెంచర్లో, ఆడ లింకు డాక్యుమెంటు ఒకటి చిరిగిన తువ్వాలు మాదిరి ఉన్నా సరే, ట్రాన్స్‌ఫార్మర్ మొదటి ఏడే వచ్చింది. నాకేమో బంగారం లాంటి కాగితం, చీకట్లో చదువుకోవాల.

నేను రెండో కిస్తీ 9 రోజులు లేటు కడితే వడ్డీ వేశారు, రూపాయితో సహా. వాళ్ళు రెండేళ్ళు లేటు, దానికి వడ్డీ ఏదయ్యా అని ఆ లాయర్నే అడిగా. ఆయన చెప్పింది చానామందికి తెలీదు, అందుకే రాస్తుండా. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టంలో ప్రమోటరు అనే మాటకి అర్థం రాసిన కాడ, ప్లాట్లు అమ్మే డెవలప్‌మెంట్ అథారిటీలు, ప్రభుత్వ సంస్థలు కూడా అందులోకి వస్తాయని స్పష్టంగా ఉంది. ఒప్పుకున్న టైముకి పని చేసి అప్పజెప్పకపోతే వడ్డీ అడిగే హక్కు కొన్నోడికి అదే చట్టంలో ఉంది. సర్కారోడి మీద రెరాకి పోవచ్చా అని నేనూ మొదట నమ్మలా. మా లేఅవుట్లో పదకొండు మందిమి కలిసినాం ఇప్పటికి, మిగతావాళ్ళు "ఎందుకులే అన్నా, వాళ్ళతో మనకి" అంటుండారు. సగం మంది ఇల్లు కట్టుకోవటానికి కొనలా, రేటు పెరిగితే అమ్ముకుందామని కొన్నారు, వాళ్ళకి దీపం వెలిగినా వెలగకపోయినా ఒకటే.

వానల సంగతి చెప్పకపోతే నెల్లూరోడు రాసిన రివ్యూ కాదు. 2021 నవంబర్లో పెన్నాకి వరదొచ్చి పడుగుపాడు కాడ రైలు పట్టాలు కొట్టుకుపోయి, హైవే తెగి, ఎక్కడి లారీలు అక్కడ ఆగిపోయినప్పట్నుంచీ ఈడ ఎవడు జాగా కొన్నా ముందు అడిగేది నీళ్ళు నిలబడతాయా అనే. 2023 డిసెంబర్లో మిచౌంగ్ తుఫాను రోజున నేను రెయిన్‌కోటు వేసుకోని బండి తోసుకుంటా ప్లాటు కాడికి పోయినా, మా ఇంటామె పిచ్చోడని తిట్టింది. చుక్క నీళ్ళు లేవు నా ప్లాట్లో. రోడ్డు మీద పాదం తడిసేంత కూడా లేదు, కాలవలు పారుతుండాయి, ఆనందమేసింది. పది నిమిషాల తర్వాత అర్థమైంది, ఆ కాలవలు పోయి పోయి లేఅవుట్ గోడ కాడ ఆగిపోయినాయి, ఆవల పాత కాలనీ. మన జాగాని మూడడుగులు మెరక చేశారు, ఇంతకుముందు వాళ్ళ నీళ్ళు మన గోడౌన్ల గుంతలోకి వచ్చేవి, ఇప్పుడు మన నీళ్ళు వాళ్ళ ఇళ్ళల్లోకి. ఒకాయన మోకాళ్ళ లోతులో నిలబడి గ్యాస్ సిలిండరు ఎత్తుకోని నన్నే చూస్తుండాడు, నేను బండి తిప్పుకోని వచ్చేసినా. నాకు ఫైవ్ స్టార్ డ్రైనేజీ, ఆయన్ని అడిగితే ఎన్ని స్టార్లిస్తాడో.

పార్కు ఉంది, గేటుకి తాళం. చింతచెట్టు కొట్టేశారు, రోడ్డు లైన్లో పడిందంట, 40 అడుగుల రోడ్డు ఆ చెట్టు కాడ నాలుగడుగులు వంగితే ఏమయ్యేదో. ఇడ్లీ ఆమె ఎక్కడికీ పోలా, ఇప్పుడు లేఅవుట్ ఆర్చీ బయట రోడ్డు పక్కన బండి పెట్టుకుంది, లోపల కమర్షియల్ సైట్లు రెండున్నాయి, రోడ్డు ఫేసింగు, వాటికి అప్‌సెట్ ధర అందనంత పెట్టేసరికి మూడుసార్లు వేలం వేసినా ఒక్కడూ రాలా, వాటిల్లో మళ్ళీ సర్కారు తుమ్మ మొలిచింది. ఆ రెండిట్లో ఒకటి నెల అద్దెకి ఆ బండ్లోళ్ళకి ఇచ్చుంటే ఈపాటికి ట్రాన్స్‌ఫార్మర్ డబ్బులు కాకపోయినా మోటరు డబ్బులన్నా వచ్చుండేవి. ఈ మాట ఆఫీసులో అంటే సూపరింటెండెంట్ గారు, మంచాయనే, నవ్వి "మాకు అట్టా ఇచ్చే పవర్ లేదు సార్" అన్నాడు. ఖాళీగా ఉంచే పవర్ మాత్రం ఉంది.

ఆడ పనిచేసేవాళ్ళ మీద నాకు కోపం లేదు. లంచం అని ఒక్క రూపాయి ఎవరూ అడగలా, ఇది నొక్కి చెప్తుండా, మూడేళ్ళలో టీ ఖర్చు నాదే గానీ నోటు చేతులు మారలా. ఉన్నదే ముగ్గురు ఇంజనీర్లు, వాళ్ళకే ఐదు ఊళ్ళు.

మొత్తం మీద మూడు స్టార్లు. కాగితానికి ఐదుకి ఐదు, వేలానికి నాలుగు, రోడ్లకి నాలుగున్నర, కరెంటుకి సున్నా కన్నా తక్కువ ఏదన్నా ఉంటే అది. రేపే ఇల్లు కట్టుకోని దిగాలనుకునేవాళ్ళు దిమ్మె మీద ట్రాన్స్‌ఫార్మర్ చూసినాకే డిపాజిట్ కట్టండి, బ్రోచర్లో బొమ్మ చూసి కాదు. పిల్లలు చిన్నోళ్ళు, ఇంకో ఆరేడేళ్ళకి కట్టుకుంటాం, గొడవల్లేని జాగా అయితే చాలు అనుకునేవాళ్ళకి ఇంతకన్నా మంచిది మన జిల్లాలో నాకైతే కనపడలా.

మొన్న ఆదివారం పేపర్లో మళ్ళీ నోటిఫికేషన్ పడింది. అదే లేఅవుట్లో మిగిలిపోయిన ప్లాట్లు, మా వరసలోనే మూల బిట్టు ఒకటి ఉంది, 30 అంకణాలు, రెండు పక్కలా రోడ్డు. మా మామ పొద్దున్నే ఫోను చేసి "ఏమయ్యా, చూశావా" అన్నాడు. "ఆడ కరెంటు లేదు గదా మామా" అన్నా. "కాగితం బాగుంది గదా" అన్నాడు. డిపాజిట్ కట్టటానికి పదో తేదీ ఆఖరు, మా ఇంటామె ఇంకా ఏమీ చెప్పలా.